ముఖానికి కుట్లు, చెంపకు కొవ్వు: నాలుగేళ్ల తర్వాత నా లెక్క

బరంపురంలో మా వీధిలోవాళ్లు రెండేళ్లపాటు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు: ‘ఒంట్లో బాగులేదా?’ నిజానికి అప్పుడే బాగుపడ్డాను. చక్కెర వ్యాధి బయటపడ్డాక నడక మొదలుపెట్టి 74 కిలోల నుంచి 57కు దిగాను. ఒళ్లు తేలికైంది, ముఖం మాత్రం ఖాళీ సంచిలా వేలాడింది. కణతలు లోపలికి పోయాయి, చెంపలు జారాయి, దవడ కింద మడతలు తేలాయి. పట్టుచీరల దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషిని, వచ్చినవాళ్లు చీర కంటే ముందు నా ముఖమే చూస్తారు. 54వ ఏట విశాఖపట్నం వెళ్లి ఫేస్‌లిఫ్ట్, అంటే జారిన ముఖాన్ని పైకెత్తి కుట్టే శస్త్రచికిత్స, దానితోపాటే ముఖానికి కొవ్వు ఎక్కించడం, రెండూ ఒకే రోజు చేయించుకున్నాను. అందం కోసం చేసే శస్త్రచికిత్స కనుక బీమా నుంచి పైసా రాలేదు. మందులు, బసతో కలిపి 3 లక్షల 40 వేలు అయింది.

నేను మొదట అడిగింది లిఫ్ట్ ఒక్కటే. సర్జన్ నా చెంపలను వేళ్లతో చెవుల వైపు లాగిపట్టి అద్దం చూపించారు. మడతలు పోయాయి, కాని పుర్రెకు గుడ్డ బిగించినట్టు ఉంది. ‘జారినదాన్ని ఎత్తగలను, తరిగిపోయినదాన్ని లాగి తేలేను కదమ్మా’ అన్నారు. ఆ మాటకే రెండోదానికి ఒప్పుకున్నాను.

చర్మాన్ని ఒక్కదాన్నే లాగి కుడతారని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే తొందరగా సాగిపోతుంది. చర్మం కింద స్మాస్ అనే గట్టి పొర ఉంటుంది. బరువంతా దానిమీద వేసి పైకి ఎత్తి కుడతారు, పై చర్మాన్ని బిగించకుండా పరిచి మిగిలినది కత్తిరిస్తారు. కోత కణత దగ్గర జుట్టులో మొదలై, చెవి ముందుగా దిగి, తమ్మెను చుట్టి, వెనుక జుట్టులోకి పోతుంది. కొవ్వును పొత్తికడుపు, తొడల నుంచి సన్నని గొట్టంతో తీశారు. సిడ్నీ కోల్‌మన్ అనే అమెరికన్ సర్జన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో నిమిషానికి 3000 చుట్ల వేగంతో 3 నిమిషాలు తిప్పి, నూనెను, నెత్తుటిని వేరుచేస్తారట. మజ్జిగ చిలికి వెన్న తీసిన చేతులకు ఇది వింతేమీ కాదు. ఆ మిగిలినదాన్ని చుక్కచుక్కగా వేర్వేరు పొరల్లో పెడతారు, ఎందుకంటే చుట్టూ ఉన్న కణజాలం నుంచి నెత్తురు అందిన చుక్కే బతుకుతుంది, ఒకేచోట ముద్దగా పెడితే లోపలిది చచ్చిపోతుంది. నాకు ఎక్కించింది మొత్తం 32 మిల్లీలీటర్లు. రెండు పెద్ద చెంచాల కంటే కాస్త ఎక్కువ, అంతే! ముఖాన్ని మార్చడానికి అంత చాలు.

ఇక నా ఫిర్యాదు. పది రోజుల్లో దుకాణంలో కూర్చోవచ్చని ఆసుపత్రివాళ్లు చెప్పారు. పదో రోజున నా ముఖం బూడిద గుమ్మడికాయలా ఉంది, కళ్ల కింద నీలం, మెడ మీద పసుపు. లిఫ్ట్ వాపు ఒక ఎత్తు, కొవ్వు పెట్టిన చోట వాపు మరో ఎత్తు. కొంత కరిగిపోతుందని తెలిసి కొందరు సర్జన్లు కాస్త ఎక్కువే పెడతారన్నది నాకు తర్వాత తెలిసింది. ఐదో వారానికి ఠాకురాణి యాత్ర వచ్చింది, జనం వేషాలు కట్టి తిరిగే మా ఊరి అమ్మవారి జాతర. ఎండ తగిలితే మచ్చలు నల్లబడతాయని తలకు గుడ్డ చుట్టి, నల్లకళ్లద్దాలు పెట్టి బయటికి వెళ్తే, పులివేషం కట్టిన పక్కింటి ఒడియా కుర్రాడు ఆగి ‘మావుసీ, నీదేమి వేషం?’ అని అడిగాడు.

చెవుల సంగతి ఎవరూ చెప్పలేదు. సరిగ్గా చెప్పాలంటే, ఇంగ్లీషులో ఉన్న ఐదు పేజీల అంగీకారపత్రంలో ఎక్కడో ఉంది, నేను సంతకం పెట్టాను. చెవికి స్పర్శనిచ్చే నరం కోత దారికి దగ్గరగా పోతుంది. నాకు ఎడమ తమ్మె పది నెలలు మొద్దుబారింది. ఫోను పెట్టుకుంటే వేరేవాళ్ల చెవికి ఆనించినట్టు ఉండేది. మర వదులైనా తెలియక ఒక బంగారు దుద్దు ఎక్కడో పడిపోయింది, సాయంత్రం మా చెల్లెలు చూసి చెప్పేదాకా నాకు తెలియదు. ఇప్పటికీ తమ్మె అంచున కొంచెం తిమ్మిరి మిగిలింది. జూకాలు పెట్టను, సాగే తమ్మెకు అంత బరువెందుకు?

నాలుగో నెలకు అసలు ముఖం బయటపడింది. దవడ గీత స్పష్టంగా ఉంది, నాలుగేళ్లలో మెడ దగ్గర కొద్దిగా వదులైంది, అంతే. ఎవరూ ‘ఏం చేయించుకున్నావు’ అనలేదు. ‘బాగా నిద్రపోతున్నావా వదినా?’ అన్నారు, ఆ మాట చాలు నాకు. దీనికి కారణం లాగడం కంటే నింపడమేనని నా గట్టి అభిప్రాయం. పై పెదవి మీది సన్న గీతలు, మంగు మచ్చలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి దీనితో పోయేవి కావు.

కొవ్వుకు జ్ఞాపకం ఉంటుంది. పొట్ట నుంచి వచ్చింది కనుక పొట్టలాగే ప్రవర్తిస్తుంది. మా అమ్మాయి పురిటికి నాలుగు నెలలు ఇంట్లో నెయ్యి పారింది, నేను ఐదు కిలోలు పెరిగాను. నడుము కంటే ముందు చెంపలు ఉబ్బాయి. మళ్లీ నడిచి తగ్గించుకుంటే దిగాయి. అందుకే బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే ఈ పని పెట్టుకోండి. పొగ తాగేవారు ముందే మానాలి, చర్మానికి నెత్తురు సరిగా అందకపోతే కుట్ల దగ్గర మానదు. రక్తపోటు ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త: మొదటి రాత్రి అది పెరిగితే చర్మం కింద నెత్తురు చేరుతుంది. నాకు ఆ రాత్రంతా గంటగంటకూ కొలిచారు, ఆ విషయంలో ఆసుపత్రిని తప్పుపట్టలేను.

ఎడమ చెంపలో పెట్టినది కుడివైపు కంటే ఎక్కువ కరిగింది. రెండో విడత ఎక్కించడానికి 60 వేలు అడిగారు. ప్రస్తుతానికి ఫొటో తీసేటప్పుడు కుడి చెంప ముందుకు పెడుతున్నాను.