గుర్రబ్బండి చక్రం బాగుచేయించాను

బండి కదిలితే చాలు, ఎడమ చక్రం కిర్రుమనేది. దాని ఆకులు, అంటే మధ్య నుంచి అంచుకు వెళ్లే చెక్క ఊచలు, కుండలో (చక్రం నడిమి దిమ్మలో) వదులయ్యాయి. చాలామంది కొత్తది వేయించుకోమన్నారు. ఈ వడ్రంగి మాత్రం 12 ఆకులనూ చిన్న సుత్తితో తట్టి, చప్పుడు విని, చెడినవి మూడేనని తేల్చాడు. వాటినీ, పగిలిన పూటీనీ (చక్రం అంచులోని వంపు చెక్క ముక్కనీ) మార్చాడు.

ఆయన పనితనమంతా పట్టా ఎక్కించేటప్పుడే చూడాలి! చక్రం చుట్టుకొలతకంటే కాస్త చిన్నదైన ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, అది సాగగానే చక్రానికి తొడిగి, వెంటనే నీళ్లు పోశారు. గుప్పున ఆవిరి, కాలిన చెక్క వాసన. పట్టా చల్లారి బిగుసుకుంటుంటే పూటీల సందులు నా కళ్లముందే మూసుకుపోయాయి.

చెప్పిన రోజుకంటే వారం ఆలస్యమైంది, అది నచ్చలేదు. కానీ ఇప్పుడు గుర్రం దౌడు తీసినా చక్రం ఊగడం లేదు. కుడిదీ ఆయనకే ఇస్తాను.