అన్ని పంటల థ్రెషర్: డ్రమ్ముకు వంక లేదు, చిక్కంతా ఫ్యాన్ బెల్టులోనే

ట్రాక్టరు పీటీవోకు (వెనక తిరిగే షాఫ్టుకు) తగిలించి నడిపే యాక్సియల్ ఫ్లో థ్రెషర్లకు, అంటే పైరు డ్రమ్ము పొడవునా సాగే నూర్పిడి యంత్రాలకు, ఇప్పుడు 'మల్టీక్రాప్' అనే పేరు స్థిరపడిపోయింది. వరి, గోధుమ, శనగ, సోయా ఏదైనా సరే, జల్లెడ మార్చుకుంటే చాలన్నది అమ్మేవాళ్ళ మాట. అది సగమే నిజం. ఈ రకం యంత్రంలో నూర్చే భాగం గట్టిది. తూర్పారబట్టే భాగాన్ని మాత్రం ఏదో ఒక పంటకు లెక్కగట్టి, మిగతావాటికి మీరే సర్దుకోండన్నట్టు వదిలేశారు. కింది లెక్కలన్నీ పళ్ళ కొనల దగ్గర 600 మి.మీ. వ్యాసం, నిమిషానికి 750 చుట్లు ఉన్న, పళ్ళతో పైరును కొట్టి నూర్చే డ్రమ్ముకు వేసినవి.

ముందు మంచి సంగతి. పైరు ఒక చివర లోపలికి వెళ్ళి, పైకప్పులోని వాలు రేకుల వెంట మెలికలు తిరుగుతూ రెండో చివరన గడ్డిగా బయటపడుతుంది. పాత అడ్డ డ్రమ్ములో కంకి కాంకేవ్ (డ్రమ్ము కింద కన్నాలున్న వంపు రేకు) మీదుగా ఒక్కసారే పోతుంది, అందుకని ఆ ఒక్క దెబ్బ గట్టిగా పడాలి. ఇందులో కంకి చాలాసార్లు తిరుగుతుంది కనుక ఒక్కో దెబ్బ మెత్తగా ఉన్నా గింజ రాలుతుంది, పగలడం తగ్గుతుంది. గడ్డిని విదిలించే వాకర్లు అక్కర్లేదు. ఒక్క లోపం, చాలా యంత్రాల్లో ఈ వాలు రేకులను వెల్డింగు చేసేస్తున్నారు. బోల్టు మీద తిరిగేలా ఉంటే, పచ్చి పైరుకు వాలు పెంచి తొందరగా బయటికి తోసేయవచ్చు. ఎండిన మొండి పైరుకు వాలు తగ్గించి ఇంకో రెండు చుట్లు తిప్పవచ్చు. వెల్డింగు చేస్తే ఆ వీలు పోయినట్టే.

ఇక అసలు చిక్కు. డ్రమ్ము 750 చుట్లు తిరిగితే పళ్ళ కొన వేగం సెకనుకు 23.5 మీటర్లు. గోధుమకు అది సరిపోతుంది. అదే వేగంతో శనగ వేస్తే పప్పులై పడుతుంది. శనగకు 450 చుట్లు, అంటే 14 మీటర్ల దగ్గరికి దిగాలి. దిగడానికి సరైన దారి పుల్లీ మార్చడం: పీటీవోతో 540 చుట్లు తిరిగే షాఫ్టు మీద 250 మి.మీ. పుల్లీ ఉంటే, డ్రమ్ము మీద 180 వేస్తే 750, 300 వేస్తే 450. పొలంలో జరిగేది వేరు. పుల్లీ విప్పడం ఎవరికీ ఇష్టం ఉండదు, ట్రాక్టరు యాక్సిలరేటరు తగ్గించేస్తారు. డ్రమ్ము 450కి వస్తుంది, నిజమే. దానితోపాటు యంత్రమంతా అరవై శాతానికి పడిపోతుంది.

అరవై అంటే పెద్ద తేడా కాదనిపిస్తుంది. లెక్క చూడండి. ఫ్యాన్ గాలి వేగం 60 శాతానికి వస్తే గాలి ఒత్తిడి వర్గంలో తగ్గి 36 శాతమే మిగులుతుంది. జల్లెడదీ అదే కథ. మొత్తం 25 మి.మీ. కదలికతో నిమిషానికి 350 ఊపులు ఊగే జల్లెడ మీది కుదుపు గురుత్వాకర్షణకు 1.7 రెట్లు. 210 ఊపులకు దిగితే అది 0.6 రెట్లు. గింజ ఎగిరి ముందుకు నడవాల్సింది పోయి అక్కడే నేల మీది చెప్పులా జారుతూ ఉంటుంది. డ్రమ్ము తిరుగుడులో దాచుకున్న శక్తి కూడా 36 శాతమే, కాబట్టి కాస్త పెద్ద గుప్పెడు పడితే చాలు, దబ్బుమని శబ్దం చేసి పట్టేస్తుంది. గింజలో పొట్టు వస్తోందని జల్లెడను తిట్టుకుంటాం గానీ, తప్పు జల్లెడది కాదు.

పుల్లీ మార్చినా కొన్ని యంత్రాల్లో ఈ బాధ తీరదు. కారణం, ఫ్యాన్ బెల్టు డ్రమ్ము షాఫ్టు నుంచే వస్తుంది. డ్రమ్ము నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. శనగ కాయ డొల్లలు, పుల్లలు గోధుమ పొట్టు కన్నా బరువు, వాటికి గాలి ఎక్కువ కావాలి. మనం సరిగ్గా అప్పుడే తగ్గిస్తున్నాం. ఫ్యాన్ గాలి దారిలో షట్టరు (తెరిచి మూసే రేకు) ఉంది కదా అంటారు. షట్టరు గాలిని తగ్గించగలదు, పెంచలేదు. అందుకని ఫ్యాన్‌నూ జల్లెడను ఊపే ఎక్సెంట్రిక్‌నూ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే 540 షాఫ్టు నుంచి నడపాలి, డ్రమ్ముకు మాత్రమే మారే పుల్లీ ఇవ్వాలి. ఫ్యాన్ సైజు బరువైన పొట్టుకు సరిపడా పెట్టి, తేలిక పంటకు షట్టరుతో తగ్గించాలి. తయారీలో ఒక పుల్లీ, ఒక బెల్టు తేడా, అంతే. ఇంత చిన్న మార్పు ఎందుకు చెయ్యరో అంతుపట్టదు. కొనేటప్పుడు పక్క మూత తీయించి, ఫ్యాన్ బెల్టు ఏ షాఫ్టు నుంచి వస్తోందో కళ్ళారా చూడండి.

షట్టర్లు రెండు పక్కలా సమానంగా తెరవాలి. ఒక పక్క ఎక్కువ తెరిస్తే గాలి వంకరగా వచ్చి, జల్లెడ ఒక అంచున గింజ ఎగిరిపోతుంది, మరో అంచున పొట్టు మిగిలిపోతుంది. యంత్రం రసమట్టంలో లేకపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది, కాబట్టి షట్టరు ముట్టుకునే ముందు చక్రాల కింద చూసుకోవాలి. ఇంకో మాట. యాక్సియల్ డ్రమ్ములో గింజలో ఎక్కువ పాలు పైరు పెట్టే చివర వైపే రాలుతుంది, జల్లెడకు ఆ పక్కే బరువు పడుతుంది. కాంకేవ్ కింద రెండు మూడు వాలు పట్టీలు బిగించి గింజను మధ్యకు మళ్ళిస్తే జల్లెడ మొత్తం పనిచేస్తుంది.

పళ్ళ సంగతి కాస్త దగ్గరగా చూడాలి. వెల్డింగు పళ్ళు విరిగితే వెల్డింగు మొదట్లోనే, వేడి తగిలిన చోటే విరుగుతాయి. బోల్టు పళ్ళు అరిగేది దెబ్బ పడే ముఖం మీదే, కాబట్టి తిప్పి బిగించి ఇంకొన్నాళ్ళు వాడవచ్చు. అందుకే బోల్టు రకమే మేలు. 8.8 గ్రేడు (ఎక్కువ బలం ఉన్న ఉక్కు) బోల్టు, జారని నైలాన్ నట్టు ఉండాలి. 300 మి.మీ. దూరంలో ఉన్న 250 గ్రాముల పన్ను ఒకటి ఊడిందనుకోండి. 750 చుట్ల దగ్గర బేరింగుల మీద అదనంగా 47 కిలోల బరువంత బలం ప్రతి చుట్టుకూ కొడుతుంది. 120 కిలోల డ్రమ్ముకు వ్యవసాయ యంత్రాల స్థాయి బ్యాలెన్సింగు ప్రకారం ఆ దూరంలో ఓర్చుకోగలిగే తేడా రెండు చివరలా కలిపి 80 గ్రాములు. ఒక్క పన్నుతో మూడు రెట్లు దాటిపోతాం. అందుకే పన్ను మార్చినప్పుడు ఎదురు పన్నును కూడా తూచి, అదే బరువుది వెయ్యాలి. చేత్తో తిప్పి బ్యాలెన్సు చూడాలంటే బెల్టులు తీసేస్తే సరిపోదు, బేరింగు సీలు బిగువుకు చిన్న తేడా బయటపడదు. బేరింగులు విప్పి, షాఫ్టును రెండు మట్టమైన పట్టాల మీద దొర్లనిచ్చి చూడాలి.

కాంకేవ్ సందు కొలిచేటప్పుడు డ్రమ్మును చేత్తో తిప్పుతూ, అన్నిటికన్నా పొడుగు పన్ను దగ్గర, రెండు చివరలా మధ్యలోనూ కొలవాలి. గింజ పగులుతుంటే ముందు వేగం తగ్గించండి, సందు జోలికి తర్వాత. పగుళ్ళకు వేగమే పెద్ద దోషి. బెల్టు బిగువుకు 600 మి.మీ. నిడివి మధ్యలో నొక్కితే 10 మి.మీ. దిగడం సరైన గుర్తు. రెండు మూడు బెల్టుల సెట్టులో ఒకటి తెగినా మొత్తం సెట్టు మార్చాలి, లేకపోతే కొత్తది ఒక్కటే బరువంతా మోస్తుంది.

పైరు పెట్టే తొట్టి 90 సెం.మీ. పొడవు, అందులో లోపలి వైపు 45 సెం.మీ. భాగం మీద మూత ఉండాలి. మూత పొట్టిగా ఉంటే చెయ్యి పళ్ళను అందుకుంటుంది. ఇందులో బేరం లేదు, అలాంటి యంత్రం వద్దు.

డెమోలో నష్టం తేల్చడానికి ఒక టార్పాలిన్ చాలు. యంత్రం నిలకడగా నడుస్తుండగా ఒక్క నిమిషం గడ్డి, పొట్టు వచ్చే చోట్ల విడివిడిగా పట్టండి. అదే నిమిషంలో గింజ ద్వారం దగ్గర 20 కిలోలు వచ్చి, టార్పాలిన్ల మీద 400 గ్రాముల గింజ దొరికితే నష్టం దాదాపు 2 శాతం. ఎంత పోయిందన్నది ఒక ఎత్తు, ఎక్కడ పోయిందన్నది ఇంకో ఎత్తు. పొట్టులో విడి గింజ ఉంటే గాలి ఎక్కువైంది. పొడుగు గడ్డిలో విడి గింజ ఉంటే కాంకేవ్ కన్నాలు పూడుకున్నాయి, లేదా పైరు మరీ దట్టంగా పెడుతున్నారు. కంకిలోనే గింజ మిగిలి ఉంటే పైరు తడిదైనా అయి ఉండాలి, డ్రమ్ము వేగమైనా చాలకపోయి ఉండాలి. యాక్సిలరేటరు తగ్గించకుండానే కంకిలో గింజ మిగులుతూ, పీటీవో మాత్రం 540 చూపిస్తుంటే, డ్రమ్ము బెల్టును ముట్టుకుని చూడండి. చెయ్యి కాలేంత వేడిగా ఉంటే అది జారుతోంది. ముట్టుకునేది పీటీవో ఆపేసి, డ్రమ్ము పూర్తిగా నిలిచాకే.