నక్షత్ర చక్రం: చిక్కంతా దక్షిణాకాశంతోనే

రెండు అట్టలు, మధ్యలో ఒక మేకు: కింద నక్షత్రాల బిళ్ల, పైన కిటికీ కోసిన తొడుగు. తారీఖును గంటకు ఎదురుగా తెచ్చిపెడితే కిటికీలో కనిపించేదే ఆ వేళ ఆకాశం. నక్షత్ర చక్రానికి ఇంతకన్నా పరిచయం అక్కర్లేదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు అంతరిక్షం గురించి చెప్పాలనుకునే బడి లైబ్రరీ ముందుగా తెచ్చుకోవాల్సింది ఇదే, టెలిస్కోపు సంగతి తర్వాత. కాకపోతే, కొనేముందు అది ఏ అక్షాంశానికి చేసిందో చూడండి. చాలామంది చూడరు. నా ఫిర్యాదంతా అక్కడే.

ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరికేవాటిలో ఎక్కువభాగం 40, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాలవి. మనం ఉన్నది తిరుపతి దగ్గర పదమూడున్నర, ఆదిలాబాద్ దగ్గర ఇరవైకి కాస్త తక్కువ. ఈ తేడా చిన్నదేం కాదు. 40 డిగ్రీల చక్రాన్ని నవంబరు రాత్రి 8 గంటలకు పెడితే సప్తర్షి మండలం ఉత్తరాన నేలకు ఆనుకుని కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఆ వేళ అది పూర్తిగా దిక్చక్రం (నేలా ఆకాశం కలిసినట్టు కనిపించే గీత) కిందే ఉంటుంది. పుస్తకంలో చదివినట్టు సప్తర్షుల్ని పట్టుకుని ధ్రువ నక్షత్రానికి వెళదామని బయల్దేరిన పిల్లలు ఉత్తరం వైపు ఖాళీ ఆకాశం చూసి, తమకే చూడటం రాలేదనుకుంటారు. ధ్రువ నక్షత్రమూ చక్రంలో 40 డిగ్రీల ఎత్తున ఉంటుంది, ఇక్కడ 17 డిగ్రీల దగ్గరే. చెయ్యి చాచి పట్టుకున్న పిడికిలి పది డిగ్రీలనుకుంటే రెండు పిడికిళ్లు కూడా లేదు. వేపచెట్టో వాటర్ ట్యాంకో అడ్డం వస్తే అంతే.

దక్షిణం వైపు ఇంకా అన్యాయం. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతివంతమైనది అగస్త్య నక్షత్రం. హైదరాబాద్‌లో అది 20 డిగ్రీల దాకా పైకొస్తుంది, ఫిబ్రవరి నెలాఖరుకి రాత్రి 8 ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన నిలబడుతుంది. 40 డిగ్రీల అక్షాంశంలో అది ఉదయించనే ఉదయించదు కాబట్టి ఆ చక్రం కిటికీలోకి ఏ రోజూ రాదు. మన పిల్లలకు కంటికెదురుగా ఉన్న నక్షత్రం చేతిలోని అట్టలో లేకుండా పోయిందన్నమాట.

సరే, హైదరాబాద్ అక్షాంశమైన 17 డిగ్రీలకు మనమే ప్రింటు తీసుకుందాం. అక్షాంశం ఇస్తే కిటికీ గీసిపెట్టే ఉచిత ప్రోగ్రాములున్నాయి. ఉత్తరం వైపు సప్తర్షుల గొడవ తీరిపోతుంది. అసలు తలనొప్పి అప్పుడు మొదలవుతుంది. చక్రం కేంద్రం ఆకాశపు ఉత్తర ధ్రువం. అక్కడి నుంచి మన దక్షిణ దిక్చక్రం దాకా 163 డిగ్రీల ఆకాశాన్ని ఒకే వృత్తంలో పరచాలి. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించే గీత) దాటి దక్షిణానికి వెళ్లేకొద్దీ ఆకాశంలో వలయాలు చిన్నవవుతాయి, అట్ట మీద మాత్రం పెద్దవవుతూనే పోతాయి. ఆ సాగతీత వృశ్చికంలోని జ్యేష్ఠ నక్షత్రం దగ్గర అడ్డంగా రెండింతలు దాటుతుంది, ఇంకా కిందకి, మధ్యరేఖకు 60 డిగ్రీల దక్షిణాన ఐదింతలు. కొక్కెంలా వంపు తిరిగిన వృశ్చికం అట్ట మీద పక్కలకు సాగిన గీతైపోతుంది. ఆకాశంలో ఎవరూ చూపించకుండానే గుర్తుపట్టగలిగే రాశి అది, చక్రం పట్టుకున్న పిల్లలకే దొరకదు. పెద్ద అక్షాంశాలవాళ్లకు ఈ బాధ తక్కువ, వాళ్లకు దక్షిణాకాశంలో కనిపించేదే కొద్ది.

దీనికి విరుగుడు రెండువైపుల చక్రం. ముందువైపు ఉత్తర ధ్రువం కేంద్రంగా, నడినెత్తి నుంచి ఉత్తరపు సగం. వెనకవైపు దక్షిణ ధ్రువం కేంద్రంగా, నడినెత్తి నుంచి దక్షిణపు సగం. ఇప్పుడు ఒక్కో వైపు మహా అయితే 107 డిగ్రీలు పడితే చాలు. 9 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో డిగ్రీకి అర మిల్లీమీటరు పైచిలుకు దక్కిన చోట 0.84 దక్కుతుంది. వృశ్చికం దగ్గర సాగతీత ఒకటింపావుకి దిగుతుంది, కొక్కెం మళ్లీ కొక్కెంలా ఉంటుంది. తిరిగే దిశ గురించి బెంగ అక్కర్లేదు: ముందు నుంచి అపసవ్యంగా తిరిగే బిళ్ల వెనక నుంచి చూస్తే సవ్యంగా తిరుగుతుంది, ఆకాశమూ రెండు దిక్కుల్లో అలాగే తిరుగుతుంది.

గురి కుదరాల్సింది రెండు ప్రింట్లు అంటించేటప్పుడు. జెరాక్స్ షాపులో ఒకే కాగితానికి రెండువైపులా తీయిస్తే కేంద్రాలు ఒకదాని వెనక ఒకటి పడవు. విడివిడిగా తీయించి మధ్యలో గట్టి అట్ట పెట్టి అంటించాలి. రెండు ప్రింట్లూ ఒకే కొలతలో ఉండాలి, రెండింటిలోనూ మధ్యరేఖకు పదిహేడు డిగ్రీలు అవతలి దాకా నక్షత్రాలు ఉండాలి. కేంద్రంలో ఒక గుండుసూది, ఓరియన్ నడుము పట్టీలో ఉత్తరపు కొసన ఉన్న నక్షత్రంలో ఇంకొకటి గుచ్చండి. ఆ నక్షత్రం దాదాపు మధ్యరేఖ మీదే ఉంటుంది కాబట్టి సూది వెనకవైపూ దాంట్లోంచే రావాలి. మిల్లీమీటరు అటూఇటూ అయినా ఫరవాలేదు, అంచు దగ్గర ఒక రోజంటే మిల్లీమీటరున్నర పైనే. అంతకు మించి తేడా వస్తే ఊడదీసి మళ్లీ అంటించడమే.

మేకు విషయంలో పొదుపు పనికిరాదు. ఆఫీసు కాగితాలకు పెట్టే ఇత్తడి పిన్ను నాలుగు తరగతుల చేతులు మారేసరికి రంధ్రాన్ని కోసేస్తుంది. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర దొరికే ఐలెట్ వేయించండి. లామినేషన్ బిళ్లకు మాత్రమే, పై తొడుగుకు వద్దు, రెండూ నున్నగా ఉంటే వానాకాలం చెమ్మకు అతుక్కుని తిరగవు. నక్షత్రాలు మూడున్నర ప్రకాశ పరిమాణం (ఈ అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గుతుంది) దాకా వేస్తే మూడువందల లోపే వస్తాయి. ఊళ్లో వీధి దీపాల మధ్య అంతకన్నా కనిపించవు కూడా.

గంటల లెక్కలో చిన్న సవరణ ఉంది. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, హైదరాబాద్ 78.5 మీద ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 16 నిమిషాలు వెనక్కి, అంటే రాత్రి 8 గంటలకు చూడాలంటే చక్రంలో 7.44 పెట్టాలి. విజయవాడకు ఏడెనిమిది నిమిషాలు చాలు. విశాఖకు ఏమీ అక్కర్లేదు.

పైన టెలిస్కోపు తర్వాత అన్నాను గానీ, పిల్లలు ముందుగా అడిగేవి చంద్రుడు, గురుడు, శుక్రుడు. ఈ మూడూ చక్రంలో ఉండవు, ఉండలేవు. సాయంత్రం పడమట మెరిసే శుక్రుణ్ణి అట్టలో వెతికి విసుగెత్తి వదిలేసేవాళ్లు ఎక్కువ. ఇక్కడ మన ఇళ్లలో ఉండే పంచాంగం అక్కరకొస్తుంది. గ్రహం ఏ నక్షత్రం ఏ పాదంలో ఉందో అందులో ఉంటుంది, దాన్ని నెలకోసారి చిన్న చీటీ రాసి చక్రం పక్కన అంటిస్తే చాలు. పంచాంగం నక్షత్ర విభాగాలు సమానంగా 13 డిగ్రీల 20 నిమిషాల చొప్పున ఉంటాయి, ఆకాశంలో చుక్కల గుంపులు అంత సమానంగా ఉండవు. కాస్త అటూఇటూ వెతకమని ముందే చెప్పాలి. జాతకాల చర్చ లేస్తే లేవనివ్వండి, లైబ్రరీలో ఖగోళ పుస్తకాలు కదిలేది అప్పుడే.

మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, దానికి ఆకాశం కూడా అక్కర్లేదు. జనవరి 15 రాత్రి 10, ఫిబ్రవరి 15 రాత్రి 8: రెండింటికీ చక్రం ఒకేచోట ఆగుతుంది. ఎందుకని ఒకరైనా అడుగుతారు. రోజుకి దాదాపు నాలుగు నిమిషాలు, నెలకి రెండు గంటలు, ఏడాదికి ఒక పూర్తి చుట్టు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోందని బోర్డు మీద బొమ్మ గీయకుండానే తేలుతుంది. జూన్‌లో బడి తెరిచాక సెప్టెంబరు దాకా ఎలాగూ మబ్బులే, ఆ నెలల్లో లైబ్రరీ పీరియడ్‌కి ఈ పని సరిపోతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఇంటికిచ్చి పంపండి, వేసవి సెలవులకైతే తప్పనిసరిగా. త్రిశంకు (సదరన్ క్రాస్ నక్షత్రాల గుంపు) మే నెల మధ్యలో రాత్రి 9 గంటలకు దక్షిణాన పదహారు డిగ్రీల లోపు నిలువుగా కనిపిస్తుంది, అప్పుడు బడే ఉండదు.

మా సిఫారసు చీకటి మైదానం ఉన్న గురుకులాన్ని దృష్టిలో పెట్టుకుని చేసింది. అక్కడ పిల్లలు రాత్రి కూడా ఉంటారు, దక్షిణం వైపు అడ్డం ఉండదు, రెండువైపుల చక్రం పడ్డ శ్రమకు తగ్గ ఫలితం ఇస్తుంది. చుట్టూ అపార్ట్‌మెంట్లున్న నగరపు పగటి బడికైతే 17 డిగ్రీల ఒకవైపు చక్రంతో సరిపెట్టుకోవచ్చు, వృశ్చికం విషయం ముందే హెచ్చరిస్తే. ఇప్పటికే 40 డిగ్రీలది కొనేసి ఉంటే, కొత్తది వచ్చేదాకా పై తారీఖుల లెక్కకు వాడుకోండి. ఆ లెక్క ఏ అక్షాంశంలోనైనా ఒకటే.