టీవీ విశ్లేషకుడి మాటా, స్థానిక నాయకుడి మాటా?

అమెరికా ప్రైమరీల్లో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, పోటీ ఒకే పార్టీ వాళ్ల మధ్య. పార్టీని చూసి ఓటేసే వీల్లేదు కాబట్టి ఎవరో ఒకరి మాట ఓటరు చెవికెక్కుతుంది.

టీవీ బలమంతా చూపించిందే చూపించడంలో ఉంది. 2004లో అయోవా రాష్ట్రంలో మూడో స్థానంతో సరిపెట్టుకున్న డెమొక్రాటిక్ పార్టీ నేత హోవార్డ్ డీన్, కార్యకర్తల్ని హుషారెత్తించడానికి ఆ రాత్రి ఓ కేక పెట్టాడు. హాలంతా గోలగోలగా ఉన్నా మైకు ఆయన గొంతునే పట్టుకుంది. టీవీలో చూసినవాళ్లకు ఆయనొక్కడే ఊరికే అరుస్తున్నట్టు అనిపించింది. రోజుల తరబడి అదే క్లిప్, దాని మీదే చర్చలు. నిజానికి అయోవాలో ఆయన అప్పటికే ఓడిపోయాడు. టీవీ చేసిందల్లా మళ్లీ కోలుకోనివ్వకపోవడం.

స్థానిక నాయకుడి మాట తీరు వేరు. 2020లో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూహాంప్‌షైర్‌లో ఐదో స్థానంలో నిలిచేసరికి చాలామంది విశ్లేషకులు ఆయన పనైపోయిందన్నారు. ఫిబ్రవరి 26న సౌత్ కరోలినా ఎంపీ జిమ్ క్లైబర్న్ ఆయనకు మద్దతు పలికాడు. "జో మనకు తెలుసు, అంతకన్నా ముఖ్యంగా జోకి మనం తెలుసు" అన్నాడు. దశాబ్దాలుగా అక్కడి ఓటర్ల మధ్య తిరుగుతున్న నాయకుడి మాట అది. మూడు రోజులకు ఆ రాష్ట్రంలో బైడెన్ 48 శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు.

అయితే క్లైబర్న్ పలుకుబడి మిన్నెసోటా దాకా పోదు. అక్కడ పెద్దగా ప్రచారం చేయకపోయినా మార్చి 3న బైడెనే గెలిచాడు. ఆ రాష్ట్ర సెనేటర్ క్లోబుచార్ పోటీ నుంచి తప్పుకుని ఆయనకు మద్దతివ్వడం ఒక కారణం. సౌత్ కరోలినా గెలుపును ఊరూరా మోసింది మాత్రం, ఆయన్ని కొట్టిపారేసిన ఆ టీవీలే!