పాత డిస్కో ఊపు, కొత్త ఆల్బమ్: మొత్తం వినాలంటే ఏది మేలు?

"డిస్కో ఊపున్న కొత్త ఇంగ్లిష్ పాటలు విడివిడిగా చాలా విన్నాను. ఇప్పుడు ఒక ఆల్బమ్ పట్టుకుని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినాలనుంది. దేనితో మొదలుపెట్టమంటారు?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతున్నారు. అడిగేవాళ్ళే రెండు పేర్లు కూడా చెబుతారు. ఒకటి బ్రిటిష్ గాయని దువా లిపా 'ఫ్యూచర్ నోస్టాల్జియా' (2020), రెండోది ఫ్రెంచ్ జంట డాఫ్ట్ పంక్ 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' (2013). పోటీ ఈ రెంటి మధ్యే అనుకుంటారు. నేను వాటి సరసన మూడోది కూడా పెడతాను: జెస్సీ వేర్ 'వాట్స్ యువర్ ప్లెజర్?' (2020). మన దగ్గర దీని పేరు విన్నవాళ్ళు తక్కువ. నా ఓటు దానికే. కానీ మిగతా రెండూ నాకు ఎంతో ఇష్టమైనవి కాబట్టి వాటి సంగతి ముందు చెప్పాలి.

పాట సంగతి వేరు, ఆల్బమ్ సంగతి వేరు. మనం సినిమా పాటల మీద పెరిగినవాళ్ళం. ఒక సినిమా ఆడియోలో ఐదారు పాటలుంటాయి: హీరో ఇంట్రడక్షన్ పాట, రెండు డ్యూయెట్లు, ఒక విషాద గీతం, ఒక మాస్ పాట. ఏది ఎక్కడ రావాలో సినిమా కథ చూసుకుంటుంది. వినేవాళ్ళకి ఏది ముందు వచ్చినా ఒకటే. నచ్చిన పాట పదిసార్లు వింటాం, నచ్చనిది వదిలేస్తాం. ఆ అలవాటుతోనే ఈ ఆల్బమ్‌లు వింటే అందేది సగమే. డాన్స్ ఆల్బమ్‌కి ఒక నడక ఉంటుంది. జనం నెమ్మదిగా ఫ్లోర్ మీదకి వస్తారు, ఊపు పెరుగుతుంది, కాస్త ఊపిరి తీసుకుంటారు, మళ్ళీ అందుకుంటారు, చివరికి లైట్లు వెలుగుతాయి, ఇళ్ళకి వెళ్తారు. 1970ల న్యూయార్క్ క్లబ్బుల్లో డీజేలు రెండు టర్న్‌టేబుళ్ళ (రికార్డు ప్లేయర్ల) మీద పాటకి పాట కలుపుతూ చేసిన పని ఇదే. అందుకే నా లెక్కలో తేల్చే విషయం ఒకటే: ఆ ఆల్బమ్ ఊపు ఎలా ఎక్కిస్తోంది, ఎలా దించుతోంది. ముఖ్యంగా దించడం. ఎక్కించడం చాలామందికి వచ్చు.

ముందు దువా లిపా. 11 పాటలు, 37 నిమిషాలు. మూడింటిలో అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే చురుకైనది. 2020 మార్చి 27న విడుదలైంది. మన దేశంలో లాక్‌డౌన్ మొదలై అప్పటికి రెండు రోజులు. ప్రపంచంలో డాన్స్ ఫ్లోర్లన్నీ మూతబడుతున్న వారంలో వచ్చిన డాన్స్ ఆల్బమ్ అది, జనం వంటింట్లో, హాల్లో పెట్టుకుని విన్నారు. మరుసటి ఏడాది అమెరికా సంగీత అవార్డులైన గ్రామీల్లో ఉత్తమ పాప్ వోకల్ ఆల్బమ్ అవార్డు కూడా దానికే వచ్చింది.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పాతదాన్ని వాడుకున్న తీరు. 'బ్రేక్ మై హార్ట్' పాటలో ఇన్‌ఎక్సెస్ బ్యాండ్ 1987 నాటి 'నీడ్ యూ టునైట్' గిటార్ వరస వినిపిస్తుంది, ఆ పాట రాసినవాళ్ళకి ఇక్కడా క్రెడిట్ ఇచ్చారు. 'లవ్ అగైన్' కథ ఇంకా బాగుంటుంది. అందులో పదేపదే వచ్చే ట్రంపెట్ ముక్క 1932లో లండన్‌లో లూ స్టోన్ బ్యాండ్ వాయించిన 'మై ఉమన్' అనే పాటలోది. దాన్ని మొదట బయటికి తీసింది దువా లిపా బృందం కాదు. ఒడిశాలోని రూర్కెలాలో పుట్టి ఇంగ్లండ్‌లో పెరిగిన జ్యోతి మిశ్రా 'వైట్ టౌన్' పేరుతో తన ఇంట్లోనే చేసిన 'యువర్ ఉమన్' పాటలో ఆ ట్రంపెట్‌ని వాడాడు. 1997లో అది బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. 1932, 1997, 2020. ఒకే ట్రంపెట్ వరస మూడు తరాల పాటల్లోంచి నడిచి వచ్చింది. రెట్రో అంటే ఇదీ అని ఎవరికైనా చూపించాలంటే నేను ఈ పాటే చూపిస్తాను.

కాపీ కదా అనేవాళ్ళు ఉంటారు. ఈ ఆల్బమ్‌లోనే ఉన్న 'లెవిటేటింగ్' మీద నిజంగానే కేసులు పడ్డాయి. 1979, 1980 నాటి రెండు డిస్కో పాటల హక్కులున్నవాళ్ళు వేసిన కేసుని న్యూయార్క్ ఫెడరల్ కోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. పోలికలుగా చూపించినవి ఎవరైనా వాడుకునే మామూలు సంగీత పద్ధతులే అని జడ్జి తేల్చారు. సరైన తీర్పు అనే నా అభిప్రాయం. ఒక బాణీ ఒకరి సొత్తు కావచ్చు, డిస్కో అనే శైలి మొత్తం ఒకరి సొత్తు ఎలా అవుతుంది?

ఇక నడక విషయం. 'డోంట్ స్టార్ట్ నౌ' నుంచి 'బ్రేక్ మై హార్ట్' దాకా ఈ ఆల్బమ్‌కి ఎదురు లేదు. ఒక పాట అయ్యేలోపే తర్వాతి పాట కోసం కాళ్ళు సిద్ధమవుతాయి. మధ్యలో 'ప్రెట్టీ ప్లీజ్' దగ్గర కాస్త నెమ్మదించి, 'హాల్యూసినేట్'తో మళ్ళీ లేపుతుంది. అది తెలిసి చేసిన పని. చిక్కు చివర్లో ఉంది. పదో పాట 'గుడ్ ఇన్ బెడ్' ఇంకో ఆల్బమ్ నుంచి వచ్చినట్టుంటుంది. పదకొండోది 'బాయ్స్ విల్ బి బాయ్స్'. రాత్రిపూట ఒంటరిగా ఇంటికి నడిచే ఆడపిల్లల భయం గురించిన పాట, వెనక పిల్లల బృందగానం. చెప్పిన విషయం ముఖ్యమైనది, పాటగా మంచిదే. కానీ తొమ్మిది పాటలు ఆడించి ఆ పాట దగ్గర దించాలంటే మధ్యలో మెట్లు కావాలి. ఇక్కడ మెట్లు లేవు. ఆల్బమ్ ముగిసిందన్న తృప్తి రాదు, ఆగిపోయిందనే అనిపిస్తుంది. చాలామంది తొమ్మిదో పాటతో ఆపేసి మళ్ళీ మొదటికి వెళ్తారు. వాళ్ళని తప్పు పట్టలేను.

డాఫ్ట్ పంక్ దారి పూర్తిగా వేరు. 13 పాటలు, 74 నిమిషాలు. అంతకుముందు కంప్యూటర్లతో, శాంపిళ్ళతో (పాత పాటల నుంచి తీసిన ముక్కలతో) పేరు తెచ్చుకున్న ఇద్దరు ఫ్రెంచ్ కళాకారులు ఈసారి మనుషులతోనే వాయించాలని పట్టుబట్టారు. డిస్కో బ్యాండ్ షీక్‌కి చెందిన నైల్ రాడ్జర్స్ గిటార్, నేథన్ ఈస్ట్ బేస్ గిటార్, డ్రమ్స్ మీద ఒమర్ హకీమ్, మైకేల్ జాక్సన్ 'ఆఫ్ ద వాల్'కి వాయించిన జాన్ రాబిన్సన్. అంటే 1970ల చివర, 1980లలో ఆ సంగీతాన్ని స్వయంగా తయారుచేసిన చేతులే మళ్ళీ వచ్చి వాయించాయి. దువా లిపాది పాత దినుసులతో కొత్త వంట అయితే, వీళ్ళు పాత వంటవాళ్ళనే పిలిపించుకున్నారు.

తొమ్మిది నిమిషాల 'జార్జియో బై మొరోడర్' ఒక్కటి చాలు ఈ ఆల్బమ్ స్థాయి చెప్పడానికి. గాయని డోనా సమ్మర్ డిస్కో పాట 'ఐ ఫీల్ లవ్' (1977)కి సంగీత నిర్మాత, అంటే రికార్డింగ్‌ని రూపుదిద్దిన జార్జియో మొరోడర్ అందులో తన కథ తనే చెబుతాడు. టేపు మీద ఒక క్లిక్ పెట్టి దానికి శబ్దాన్ని విద్యుత్తుతో పుట్టించే మూగ్ సింథసైజర్‌ని ఎలా జత చేశాడో ఆయన చెబుతుంటే ఆ క్లిక్ మన చెవిలో వినిపిస్తుంది, దాని వెనకే సింథ్ మొదలవుతుంది. చరిత్ర పాఠం పాటగా మారిపోవడం ఇంత అందంగా నేనెక్కడా వినలేదు. 2014లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గ్రామీ దీనికి రావడం ఆశ్చర్యం కాదు.

శబ్దం నాణ్యత చూస్తే మూడింటిలో ఇదే మొదటిది. ఆ డ్రమ్స్‌కి గాలి తగులుతున్నట్టు ఉంటుంది. మంచి స్పీకర్లు కొని, వాటిని పరీక్షించడానికి ఏదైనా పెట్టాలంటే ఇది పెట్టండి.

కానీ ఇది డాన్స్ ఆల్బమ్‌లా నడవదు. మొదటి పాట లేపుతుంది, రెండోది కూర్చోబెడుతుంది. నాలుగోది 'వితిన్' పియానో దగ్గర నిలబెట్టేస్తుంది. 'టచ్' ఎనిమిది నిమిషాల చిన్న నాటకం. 'గెట్ లక్కీ' వచ్చేసరికి ఆల్బమ్ సగం దాటిపోయి ఉంటుంది. చివరి పాట 'కాంటాక్ట్' అపోలో 17 వ్యోమగామి గొంతుతో మొదలై, డ్రమ్స్ హోరుతో ఆకాశానికి ఎగిరిపోతుంది. అద్భుతమైన ముగింపు, కాకపోతే దించే ముగింపు కాదు. కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకుని వినాల్సిన ఆల్బమ్ ఇది. మొదటిసారి వినేవాళ్ళకి 74 నిమిషాలు ఎక్కువ అనిపించే ప్రమాదం కూడా ఉంది.

జెస్సీ వేర్ లండన్ గాయని. అంతకుముందు ఎక్కువగా నెమ్మదైన సోల్ (అమెరికా నల్లజాతి గాయకుల భావభరిత శైలి) పాటలు, ప్రేమ గీతాలు పాడింది. సంగీత నిర్మాత జేమ్స్ ఫోర్డ్‌తో కలిసి డిస్కో వైపు తిరిగింది. 12 పాటలు, 53 నిమిషాలు. 2020 జూన్ 26న వచ్చింది.

మొదటి పాట 'స్పాట్‌లైట్' బీట్‌తో మొదలవదు. ముందు స్ట్రింగ్స్ (వయొలిన్ల బృందం), వాటి మీద ఆమె గొంతు. ఎవరో తలుపు దగ్గర నిలబడి లోపలికి రమ్మంటున్నట్టు ఉంటుంది. ఆ తర్వాతే బీట్ అడుగుపెడుతుంది. రెండో పాటలో సింథ్ బేస్ చిక్కబడుతుంది, 'ఊ లా లా'లో ఫంక్ అల్లరి, ఐదో పాట 'సేవ్ ఎ కిస్' దగ్గర స్ట్రింగ్స్ వెంటబడుతుంటే పరుగు. అక్కడి నుంచి 'అడోర్ యూ', 'ఇన్ యువర్ ఐస్' ఊపిరి తీసుకోనిస్తాయి. బీట్ ఆగదు, ఒత్తిడి మాత్రం తగ్గుతుంది. మళ్ళీ 'స్టెప్ ఇన్‌టు మై లైఫ్'తో లేచి 'మిరాజ్' దాకా ఆడిస్తుంది.

ఇక్కడి నుంచి చివరి రెండు పాటలు చూడండి. పదకొండో పాట 'ద కిల్'లో చీకటి కమ్ముతుంది. వేగం తగ్గింది, స్ట్రింగ్స్ బరువెక్కాయి, కానీ తాళం ఇంకా వదల్లేదు. దువా లిపా ఆల్బమ్‌లో లేని మెట్టు ఇదే. ఆ మెట్టు ఉండబట్టే పన్నెండో పాట 'రిమెంబర్ వేర్ యూ ఆర్' మొదలవగానే మనసు ఒప్పేసుకుంటుంది. 1970ల సోల్ పాటల పద్ధతిలో బృందగానం, వెచ్చటి ఆర్కెస్ట్రా, డాన్స్ ఫ్లోర్ బయటి తెల్లవారుజాము. దానికి ముందున్న పాటలన్నీ ఈ పాట కోసమే ఆ వరుసలో పేర్చారనిపిస్తుంది. ఈ పాటని విడిగా ప్లేలిస్టులో వింటే మంచి పాట అంటాం. పదకొండు పాటల తర్వాత వింటే గొంతు పట్టుకుంటుంది. ఆల్బమ్ అనే రూపం ఎందుకు బతకాలో నాకు ఇక్కడ అర్థమవుతుంది.

తెలుగు చెవికి ఇది సులువుగా ఎక్కుతుందని నేను నమ్మడానికి ఇంకో కారణం ఉంది. వయొలిన్లు, సింథసైజర్ ఒకే బీట్ మీద కలిసి పరుగెత్తడం మనకి కొత్త కాదు. 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) పాటలతో బప్పీ లహిరి మనకి అది అలవాటు చేశాడు. ఆ పాటలకి చిన్నప్పుడు కాళ్ళు కదిపినవాళ్ళు 'సేవ్ ఎ కిస్' పెట్టి చూడండి.

జెస్సీ వేర్‌లో లోటు లేదా? ఉంది. 'డోంట్ స్టార్ట్ నౌ'లాగా ఒక్కసారి వినగానే నోట్లో తిరిగే పల్లవి ఇందులో తక్కువ. రెండో మూడో వినికిడికి గానీ పాటలు విడివిడిగా గుర్తుండవు. కారులో నలుగురు స్నేహితులతో వెళ్తున్నప్పుడు నేను కూడా దువా లిపానే పెడతాను.

మిగతావి క్లుప్తంగా. కైలీ మినోగ్ 'డిస్కో' (2020) హాయిగా ఉంటుంది, అంతకుమించి పట్టి ఆపదు. ద వీకెండ్ 'ఆఫ్టర్ అవర్స్' (2020) 1980ల సింథ్ ఇష్టమైనవాళ్ళకి, డిస్కో కోసం కాదు. మడోనా 'కన్ఫెషన్స్ ఆన్ ఎ డాన్స్ ఫ్లోర్' (2005) పాటకి పాట అతికించిన ఒకే ప్రవాహం, ఈ దారి నచ్చాక తప్పక వినాలి. బియాన్సే 'రినైసాన్స్' (2022) అతుకుల నేర్పులో వీటన్నిటికంటే ముందుంది, కాకపోతే దానిలో డిస్కో తర్వాత క్లబ్బుల్లో పుట్టిన ఎలక్ట్రానిక్ డాన్స్ శైలి, హౌస్ సంగీతం పాలు ఎక్కువ, చివరి పాట కూడా ఊపులోనే వదిలేస్తుంది. రెండో అడుగుగా పెట్టుకోండి.

ఏది ఎంచుకున్నా షఫుల్ తీసేయండి. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకండి, ఈ సంగీతానికి ప్రాణం బేస్ (అడుగు స్వరాలు), ఫోన్‌లో వినపడనిది కూడా అదే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు. యాప్‌లో వెతికేటప్పుడు ఏ ఎడిషన్ వస్తుందో చూసుకోండి. దువా లిపాకి 19 పాటల 'మూన్‌లైట్ ఎడిషన్' ఉంది. డాఫ్ట్ పంక్ ఆల్బమ్‌కి పదేళ్ళ ఎడిషన్‌తో పాటు డ్రమ్స్ తీసేసిన 'డ్రమ్‌లెస్ ఎడిషన్' కూడా ఉంది, పొరపాటున అది నొక్కితే ఈ డాన్స్ ఏమైందా అని తికమక పడతారు. జెస్సీ వేర్‌కి 'ప్లాటినం ప్లెజర్ ఎడిషన్' ఉంది. అందులో చివరి పాట అయ్యాక అదనపు పాటలు మొదలవుతాయి, పెరుగన్నం తిన్నాక మళ్ళీ పులిహోర వడ్డించినట్టు. ఆ పాటలు బాగుంటాయి, ఇంకో రోజు వినండి. మొదటిసారికి 12 పాటలే ఉన్న ఆల్బమ్ చూసి నొక్కండి.