గదుల పంపకంలో ఒక దశాబ్దం

‘మ్యాడ్ మెన్’ ధారావాహికను మెచ్చుకునేవారు సాధారణంగా దుస్తులతో మొదలుపెడతారు. నలగని సూట్లు, పొద్దున పదకొండు గంటలకే గ్లాసుల్లో పడే విస్కీ, సమావేశపు గది నిండా కమ్ముకున్న సిగరెట్ పొగ చూడముచ్చటగా ఉంటాయన్నది నిజమే కానీ, ఆ ముచ్చట నాకు నాలుగైదు ఎపిసోడ్లతోనే తీరిపోయింది. ఆ తర్వాత కూడా ఏడు సీజన్లను, మొత్తం 92 ఎపిసోడ్లను వదలకుండా చూశానంటే కారణం వేరే ఉంది. ఆఫీసులో ఎవరికి ఏ గది దక్కింది, దానికి తలుపు ఉందా, ఆ తలుపు బయట ఎవరు కూర్చున్నారు అన్న లెక్కలోంచే మనుషుల కథ మొత్తం చెప్పవచ్చునని నమ్మి, ఆ నమ్మకాన్ని చివరిదాకా నిలబెట్టుకున్న ధారావాహిక ఇది.

మాథ్యూ వైనర్ సృష్టించిన ఈ ధారావాహిక అమెరికాలోని ఏఎంసీ ఛానెల్‌లో 2007 జులైలో మొదలై 2015 మేలో ముగిసింది. కథాకాలం 1960 మార్చి నుంచి 1970 నవంబరు వరకు. కథాస్థలం న్యూయార్క్‌లో ప్రకటనల సంస్థలకు పేరుపడ్డ మ్యాడిసన్ అవెన్యూ. ఆ వీధి పేరులోంచి అక్కడి ప్రకటనలవాళ్లు తమకు తామే పెట్టుకున్న పేరు ‘మ్యాడ్ మెన్’ అని తొలి ఎపిసోడ్ ఆరంభంలోనే చెబుతారు. ఉత్తమ డ్రామా ధారావాహికగా 2008 నుంచి 2011 వరకు వరుసగా నాలుగేళ్లు దీనికి ఎమ్మీ పురస్కారం వచ్చింది. కథానాయకుడు డాన్ డ్రేపర్ పాత్రలో జాన్ హామ్ ఎంత గొప్పగా నటించినా, నేను మాత్రం ఈ కథను అతని తలుపు బయటి బల్ల దగ్గర తొలిరోజు వచ్చి కూర్చున్న సెక్రటరీ పెగీ ఓల్సన్ వైపు నుంచే చూశాను.

ఎలిజబెత్ మాస్ పోషించిన ఈ పెగీ బల్ల దగ్గర నుంచి గదిలోకి చేరడానికి పట్టిన కాలమే ఈ కథకు అసలైన గడియారం. మొదటి సీజన్‌లో లిప్‌స్టిక్ పరీక్ష కోసం ఆఫీసులోని అమ్మాయిలందరినీ ఒక గదిలో కూర్చోబెడతారు. ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం వెనక మగవాళ్లు చేరి వేడుక చూస్తుంటారు. పరీక్ష అయ్యాక, పెదవులు తుడుచుకున్న కాగితాలతో నిండిన చెత్తబుట్టను అందిస్తూ పెగీ దాన్ని ‘ముద్దుల బుట్ట’ అంటుంది. ఆ ఒక్క మాటతో ఆమె ప్రకటనల రచయిత్రి అయ్యే దారి తెరుచుకుంటుంది. సొంత గది మాత్రం అంత తేలికగా రాదు. రెండో సీజన్‌లో ఆఫీసుకు కొత్తగా జిరాక్స్ యంత్రం వస్తే, ఎక్కడ పెట్టాలో తోచక చివరికి దాన్ని ఆమె కూర్చుని పనిచేసే గదిలోకే తోస్తారు. కాపీలు కావలసినవారంతా ఆమె నెత్తిమీదుగా వచ్చిపోతుంటారు. తాగుడు మితిమీరి సెలవు మీద పంపేసిన ఫ్రెడీ రమ్‌సన్ గది ఖాళీగా ఉందని గమనించి, ఆమె నేరుగా యజమాని రోజర్ స్టెర్లింగ్ దగ్గరికి వెళ్లి అడుగుతుంది. బయట ఉన్న అంతమంది మగవాళ్లలో ఒక్కరికీ లేకపోయిన ధైర్యానికి ముచ్చటపడి అతను ఇచ్చేస్తాడు. ఇంత చిన్న విషయం కోసం నేను కుర్చీ అంచున కూర్చుని చూశానంటే, రచయితలు గది విలువను ఎంత ఓపికగా పెంచుకుంటూ వచ్చారో అర్థం చేసుకోవచ్చు.

చరిత్రను కూడా ఇదే పద్ధతిలో నాలుగు గోడల మధ్యకు తెస్తారు. ఒకే పనికి స్త్రీపురుషులకు సమాన వేతనం ఇవ్వాలన్న చట్టంపై అధ్యక్షుడు కెనెడీ 1963 జూన్ 10న సంతకం చేశారు. ఆ రోజుల్లోనే జరిగే ఒక ఎపిసోడ్‌లో పెగీ ఆ చట్టం ఊసెత్తి జీతం పెంచమని డ్రేపర్‌ను అడుగుతుంది. ఇది సమయం కాదని అతను మాట దాటవేస్తాడు. ఉపన్యాసం ఉండదు, నేపథ్యసంగీతం ఉబికిరాదు. క్రిస్టినా హెండ్రిక్స్ పోషించిన ఆఫీసు మేనేజరు జోన్ విషయంలో ఈ నిగ్రహం ఇంకా పదునుగా ఉంటుంది. టెలివిజన్ విభాగంలో పని పెరిగితే ఆమె స్క్రిప్టులు చదివి, ప్రకటనదారులు మెచ్చేంత చక్కగా సలహాలిస్తుంది. కొన్నాళ్లకే ఆ పనికి ఒక మగవాణ్ణి తీసుకుని, ఆమెకు ఏదో మేలు చేసినట్టుగా ఆ కబురు చెబుతారు. ఆ రాత్రి ఆమె ఎవరితోనూ ఏమీ అనదు. మంచం మీద కూర్చుని, లోదుస్తు పట్టీ భుజం మీద వేసిన ఎర్రటి గాడిని వేళ్లతో నెమ్మదిగా రుద్దుకుంటుంది. ఆఫీసు పని శరీరం మీద వేసే ముద్రను ఇంతకన్నా క్లుప్తంగా చూపిన దృశ్యం నాకు మరొకటి గుర్తుకు రావడం లేదు.

గదుల గొడవలో హాస్యానికీ లోటు లేదు. నాలుగో సీజన్ నుంచి సంస్థ టైమ్-లైఫ్ భవనంలోకి మారుతుంది. అందరినీ చెప్పులు విప్పి తన గదిలోకి రమ్మనే పెద్దాయన బర్ట్ కూపర్‌కు ఆ కొత్త ఆఫీసులో గదే ఉండదు. పీట్ క్యాంప్‌బెల్‌కు దక్కిన గదిలో ఒక స్తంభం అడ్డంగా నిలబడి ఉంటుంది. వ్యాపారమంతా తెస్తున్నది తానే కాబట్టి రోజర్ గది తనకు కావాలని అతను పేచీ పెడతాడు. రోజర్ తన గది వదులుకోలేక, జేబులోంచి 1,100 డాలర్లు తీసిచ్చి సహోద్యోగి హ్యారీ క్రేన్ చేత పీట్‌తో గది మార్పిస్తాడు.

ఇదంతా ఉన్నా, పని జరిగే తీరు చూపకపోతే ఈ ధారావాహిక ఉత్త ఆఫీసు రాజకీయంగా మిగిలిపోయేది. సినిమాల్లో ఆలోచన మెరుపులా వస్తుంది. ఇక్కడ విసుగులోంచి, దెబ్బలాటలోంచి, అర్ధరాత్రి ఆకలిలోంచి వస్తుంది. నాలుగో సీజన్‌లోని ‘ది సూట్‌కేస్’ ఎపిసోడ్ అందుకు నిదర్శనం. 1965 మే 25న మహమ్మద్ అలీ, సోనీ లిస్టన్‌ల బాక్సింగ్ పోటీ చూడటానికి అందరూ వెళ్లిపోతే, పుట్టినరోజు విందు మానుకుని మరీ పెగీ సూట్‌కేసు ప్రకటన కోసం డ్రేపర్‌తో ఆఫీసులో చిక్కుకుపోతుంది. తన ఆలోచనను వాడుకుని ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదని ఆమె ఏడిస్తే, జీతం ఇస్తున్నది అందుకేనని అతను అరుస్తాడు. తెల్లారేసరికి ఇద్దరి మధ్య ఏదో సర్దుకుంటుంది. వెళ్తూ వెళ్తూ తలుపు వేయాలా, తీసి ఉంచాలా అని ఆమె అడిగితే తీసి ఉంచమంటాడు. ఒక్క ఎపిసోడ్ మాత్రమే చూసే తీరిక ఉన్నవారికి నేను దీన్నే సూచిస్తాను.

లోపాలు లేకపోలేదు. కాలానికి కట్టుబడటంలో ఇంత పట్టుదల ఉన్నవారు కూడా 1960 మార్చిలో జరిగే తొలి ఎపిసోడ్‌లో, 1961లో గానీ మార్కెట్‌లోకి రాని ఐబీఎం సెలెక్ట్రిక్ టైప్‌రైటర్లను బల్లల మీద పెట్టేశారు. ఆడవాళ్లు సైతం వాడగలిగేంత సులువుగా దీన్ని మగవాళ్లు తయారుచేశారని జోన్ ధైర్యం చెప్పే మాట కోసం ఆ తప్పును నేను సంతోషంగా క్షమించాను. క్షమించలేనివి డ్రేపర్ చిన్ననాటి దృశ్యాలు. ముఖ్యంగా ఆరో సీజన్‌లో అవి అతని ప్రతి పనికీ కారణం అతికించి, ప్రేక్షకుడికి ఊహించే పని లేకుండా చేస్తాయి. నల్లజాతివారి ఉద్యమం దేశాన్ని కుదిపేసిన దశాబ్దంలో ఆ జాతి మనుషులు చాలాకాలం లిఫ్టు దగ్గర, వంటింట్లో మాత్రమే కనిపించడం ఆనాటి ఆఫీసుల వాస్తవమే అయినా, వారి ఇళ్లలోకి కెమెరా వెళ్లకపోవడం రచయితలు చేసుకున్న ఎంపిక. సెక్రటరీగా చేరిన నల్లజాతి యువతి డాన్ ఛేంబర్స్‌ను ముందు బల్ల దగ్గర కూర్చోబెడితే లిఫ్టు దిగినవారికి కనిపిస్తుందని కూపర్ అభ్యంతరపెట్టడం, అదే ఎపిసోడ్ చివర జోన్ పై అంతస్తుకు మారి తన గదిని ఆమెకే ఇవ్వడం చూశాక, ఈ పాత్రకు ఇంకొంత చోటు ఇచ్చి ఉండవలసిందన్న కొరత మరింత గుచ్చుకుంది.

చివరి సీజన్‌లో గదులు ఒక్కొక్కటే చేజారిపోతాయి. 1969లో ఐబీఎం కంప్యూటర్ వచ్చి రచయితలు కబుర్లాడుకునే గదిని మింగేస్తుంది; ఆ మరుసటి ఏడాది సంస్థ మొత్తం మెకాన్ ఎరిక్సన్ అనే పెద్ద ప్రకటనల సంస్థలో కలిసిపోతుంది. పదేళ్లు రాసి పేరు తెచ్చుకున్న పెగీని ఆ కొత్తవాళ్లు సెక్రటరీ అనుకుని, సెక్రటరీలందరికీ పంపిన పూలే ఆమెకూ పంపుతారు. గది సిద్ధమయ్యేదాకా రానని ఆమె పాత ఆఫీసులోనే మొండికేస్తుంది. బల్లలు, మనుషులు లేని ఆ అంతస్తులో రోజర్ ఎక్కడినుంచో దొరికిన ఆర్గన్ వాయిస్తుంటే, పెగీ రోలర్ స్కేట్లు తొడుక్కుని, ఒకప్పుడు అనుమతి లేకుండా అడుగు పెట్టలేని చోటంతా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది.