ఫ్రేము విప్పనివ్వని వాడి దగ్గర బొమ్మ కొనొద్దు

పాత చందమామ బొమ్మల ఒరిజినల్స్ కోసం వెతుకుతున్న మిత్రులకు, ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు వాళ్లకు. పోయిన నెల నేను 42,000 రూపాయలు పోసి ఒక ఇంక్‌జెట్ ప్రింటు కొన్నాను. కొన్నప్పుడు అది ప్రింటని తెలీదు. చందమామలో బేతాళ కథలకి బొమ్మలేసిన శంకర్ గారి చేతి బొమ్మ అనుకున్నాను. భుజాన శవం, చేతిలో కత్తి, శ్మశానంలో నడుస్తున్న విక్రమార్కుడు. అమ్మినవాడి పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడుస్తోంది. రాసినా లాభం లేదు, వాడికి పేరు మార్చడం సిమ్ము మార్చినంత తేలిక. పద్ధతి మాత్రం మార్చడు, బాగా గిట్టుబాటవుతోంది కాబట్టి. అందుకే ఆ పద్ధతి చెబుతాను.

మొదట ఫోన్లో ఫోటోలు పంపాడు. "కొరియర్లో పంపను సార్, ఇంటిల్లిపాదీ దర్శనానికి వస్తున్నాం, తిరుపతిలోనే మీ కళ్లతో చూసుకోండి" అన్నాడు. అడ్వాన్సు కూడా అడగలేదు. మనిషే బొమ్మ పట్టుకుని వస్తుంటే ఇంకేం కావాలి? బస్టాండు వెనక ఒక లాడ్జిలో, రెండో అంతస్తులో కలిశాం. మంచం మీద లడ్డూ కవర్లు. కొత్తగా తీయించుకున్న గుండు, దాని మీద గంధం ఇంకా ఆరలేదు. అలాంటి మనిషిని అనుమానించడానికి నాకు మనసొప్పలేదు. ఆ గంధమే నాకు పడిన మొదటి మత్తుమందు అని ఇప్పుడు నవ్వుకుంటున్నాను.

ముందు ఒక చిన్న బొమ్మ తీసి నా చేతికిచ్చాడు. ఏదో పాత వారపత్రిక కథకి వేసింది, సంతకం లేదు, 1,500 చెప్పాడు. "పట్టుకు చూడండి సార్, లైటుకి పెట్టి చూడండి." చూశాను. కింద పెన్సిల్ గీతలున్నాయి. ఆడమనిషి చెయ్యి ఒకసారి వేసి, నచ్చక తెల్ల రంగుతో కప్పేసి, దాని మీదే మళ్లీ వేశారు. తెల్ల రంగు వేలికి గరుగ్గా తగిలింది. నూటికి నూరుపాళ్లు ఒరిజినల్. ఇది ఎర అని అప్పుడు తట్టలేదు. దాన్ని చూసిన కళ్లతోనే పెద్ద బొమ్మనీ చూశాను.

పెద్దది ఫ్రేములో ఉంది. అద్దం, వెనక అట్ట, చుట్టూ బ్రౌన్ టేపు. విప్పి చూస్తానంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు సార్, గాలి తగిలితే సిరా పెళుసెక్కి రాలిపోతుంది, అందుకే సీల్ చేయించాం." నేను తలూపాను! ఇండియన్ ఇంకులో ఉండే నలుపు మసి నలుపు. గదిలో గాలి తగిలినంత మాత్రాన దానికేమీ కాదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ తలూపాను, బొమ్మ అంత బాగుంది మరి.

బొమ్మ ఎలా వచ్చిందంటే దానికీ కథ సిద్ధంగా ఉంది. వాళ్ల నాన్న మద్రాసులో పత్రికల అచ్చుకి బ్లాకులు తయారుచేసే చోట పనిచేశాడట, బ్లాకు తీశాక ఒరిజినల్స్ ఎవరూ పట్టించుకునేవాళ్లు కారట, కొన్ని ఇంటికి తెచ్చుకున్నాడట. నమ్మేలాగే ఉంది. ఆ రోజుల్లో బొమ్మని ఫోటో తీసి జింకు రేకు మీద బ్లాకు చేసి అచ్చేసేవాళ్లు. ఆర్టిస్టులది నెల జీతం. బ్లాకు పనయ్యాక అసలు బొమ్మ ఎటు పోయిందో లెక్క పెట్టే అలవాటు తక్కువ. అమెరికాలో పెద్ద కామిక్స్ కంపెనీలే 1970ల దాకా ఒరిజినల్స్‌ని ఆర్టిస్టులకి తిరిగి ఇచ్చేవి కావు. పోనీ వేసినవాళ్లని అడుగుదామా అంటే, వపా (వడ్డాది పాపయ్య) గారు 1992లో పోయారు, బాపు గారు 2014లో, శంకర్ గారు 2020లో. కాదనేవాళ్లు లేని పేర్లే ఇలాంటివాళ్లకి కావాలి.

తర్వాత తొందర. సాయంత్రం రైలు, చెన్నై నుంచి ఇంకొకాయన ఫోన్ల మీద ఫోన్లు. "కొండ మీద ఖర్చులకి చేతిలో డబ్బుండాల సార్" అంటూ 30,000 క్యాష్ తీసుకున్నాడు, మిగతా 12,000 ఫోన్‌పే. బంగారు రంగు సీలున్న సర్టిఫికెట్ ఒకటి ఇచ్చాడు. అలాంటిది ఏ జిరాక్స్ షాపులోనైనా పది నిమిషాల్లో తయారవుతుంది. చిన్న బొమ్మని కూడా ఇంకో 1,500 ఇచ్చి కొన్నాను.

మూడు వారాలు హాల్లో వేలాడదీసి వచ్చినవాళ్లందరికీ చూపించాను. నాలుగో వారం శ్రీకాళహస్తి నుంచి నా స్నేహితుడు వచ్చాడు. కలంకారీ పని చేస్తాడు, చందమామ గొడవ వాడికి అంతగా పట్టదు. కాఫీ తాగుతూ బొమ్మ దగ్గరికి వెళ్లి చాలాసేపు నిలబడ్డాడు.

"ఎంతిచ్చినావన్నా దీనికి?"

చెప్పాను.

"గీత మొదలైన చోట సిరా నిలబడలేదు, ఆగిన చోటా నిలబడలేదు. చెయ్యి ఆనితే ఆడ ఒక చుక్క లావవ్వాల కదా. ఇదేంది, అంతా ఒకే మాదిరుంది?"

వాడు చెప్పింది వాడి పనిలోని సంగతి. గుడ్డకి ముందు కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టేది, గీసిన నలుపు పాకిపోకుండా ఉండడానికే. అంత చేసినా కలం ఆనిన చోట, ఎత్తిన చోట కాస్త మందం తేలుతుంది. చేత్తో గీసిన గీతకి ఆ రెండు కొసలూ ఉంటాయి. నా బొమ్మలో కత్తికీ సంతకానికీ తప్ప ఎక్కడా లేవు.

ఆ రాత్రే బ్లేడుతో టేపు కోసి ఫ్రేము విప్పాను. కాయితం బయటికి రాగానే మా ఆవిడ "ఇదేంటి, టీ డికాక్షన్ వాసన?" అంది. పాతగా కనబడడానికి తడిపి ఆరబెట్టారన్నమాట. పొద్దున్నే గాంధీ రోడ్డులో తెలిసిన నగల షాపుకి వెళ్లి, రాళ్లు చూసే భూతద్దం అడిగి పెట్టి చూశాను. నల్లటి నీడల్లో నీలం, గులాబీ, పసుపు చుక్కలు చల్లినట్టున్నాయి. చేత్తో పూసిన నలుపులో అవి ఉండవు. అక్కడే దొంగనోట్లు చూసే మెషీన్ లైటు కింద పెడితే కాయితం నీలంగా వెలిగింది. తెల్లదనం కోసం మందు కలిపిన కాయితమే అలా వెలుగుతుంది. 1950ల నుంచి అలాంటి కాయితం వాడకం పెరిగింది కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు.

అసలు రుజువు ఆకాశంలో దొరికింది. బేతాళుడి జుట్టుకి ఎడమవైపు, బూడిదరంగులో, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ ఒక "మ్మ", వత్తుతో సహా. పత్రికలో వెనక పేజీ అక్షరం పల్చటి కాయితంలోంచి కనబడి స్కానులోకి వచ్చేసింది. కంప్యూటర్లో అన్నీ తుడిచినవాడు దీన్ని మరిచిపోయాడు. పాత సంచికల స్కాన్లు నెట్‌లో ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి కదా, వాటిలో ఒకదాన్ని లాగి అచ్చేశాడు. స్కేలు పెట్టి కొలిస్తే బొమ్మ సరిగ్గా పత్రికలో అచ్చయిన సైజే. పైన కత్తి అంచుకీ సంతకానికీ మాత్రం నిజం సిరా దిద్దాడు. సిరానా, అచ్చా అని తడి దూది పెట్టి చూసేవాళ్లు చూసేది సంతకం దగ్గరే కదా. అంటే సిరా నిజం, సంతకం కాదు.

ఇకమీదట ఎవరైనా నన్నడిగితే ముందు సైజు చూడమంటాను. అచ్చులో గీత బిగువుగా రావాలని సాధారణంగా బొమ్మ పెద్దదిగా వేసి తగ్గిస్తారు. అమెరికా కామిక్స్ పేజీలు ఇప్పటికీ 11×17 అంగుళాల అట్ట మీద వేస్తారు. తర్వాత అంచులు చూడమంటాను. పేజీ నంబరు, ఎంతకి తగ్గించాలో, ఎక్కడ కత్తిరించాలో రాసిన గుర్తులు అక్కడే ఉంటాయి. అంచులు శుభ్రంగా కోసేసి ఉంటే ఎందుకు కోశారని అడగాలి. చెరపని పెన్సిలు, బ్లాకు కెమెరాకి దొరకదని వాడే లేత నీలం పెన్సిలు, తెల్ల రంగు దిద్దుబాట్లు, అతికించిన ముక్కలు, ఇవన్నీ పనిచేసిన చేతి గుర్తులు. నా బొమ్మలో ఒక్క తప్పూ లేదు. మూడు వారాలు అదే గొప్పనుకుని మురిసిపోయాను.

ఇంకో రకం మోసం దీనికంటే కష్టం. లైటు బల్ల మీద పెట్టి ట్రేసింగ్ చేసి అమ్మేవాళ్లున్నారు. దానికి చుక్కల పరీక్ష పనిచేయదు, గీత భయపడుతూ సాగిందేమో చూడాలి. ఆర్టిస్టే తన పాత బొమ్మని తర్వాత మళ్లీ వేసిచ్చేదీ ఉంటుంది. అది మోసం కాదు, కాకపోతే అచ్చయిన బొమ్మ ధరకి కొనకూడదు. 14/100 అని, అంటే వంద కాపీల్లో పద్నాలుగోదని, నంబరు వేసి అమ్మేది ప్రింటే, ప్రింటు ధరకి హాయిగా కొనుక్కోవచ్చు.

డబ్బు సంగతి. వాడికి ఫోన్ చేస్తే "మీరే మార్చేసి ఉంటారు సార్" అన్నాడు, తర్వాత బ్లాక్ చేశాడు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాను. గంటల్లో చేసి ఉంటే ఆ 12,000 అయినా ఆపగలిగేవాళ్లేమో, అప్పటికే నెల కావస్తోంది. క్యాష్‌కి ఆధారమే లేదు. స్టేషన్లో రైటర్ గారు బొమ్మని అటూ ఇటూ తిప్పి "పుస్తకంలో బొమ్మే కదా సార్, దీనికి 42 వేలా?" అన్నారు. నాకు జవాబు రాలేదు. మనం 420 అని పిలిచే మోసం సెక్షను ఇప్పుడు కొత్త చట్టం బి.ఎన్.ఎస్.లో (భారతీయ న్యాయ సంహిత) 318 అట, దాని కిందే కాయితం తీసుకున్నారు.

ఆ మేకుకి ఇప్పుడు చిన్న బొమ్మ వేలాడుతోంది, చెయ్యి దిద్దిన ఆడమనిషి. అదొక్కటే నాకు గిట్టుబాటైన బేరం.

ప్రింటు అన్నాక ఒకటే తీసి ఉండడు. విక్రమార్కుడి బొమ్మ ఎవరైనా చూపిస్తే బేతాళుడి జుట్టుకి ఎడమవైపు ఆకాశంలో తిరగబడ్డ "మ్మ" ఉందేమో చూడండి. ఉంటే గొడవ పెట్టుకోకుండా ఒక ఫోటో తీసి నాకు పంపండి. నా కేసులో ఇంకో కాగితం చేరుతుంది.